కొండ ఊళ్ళకు టైములు రాసిన మేస్త్రీ

రోడ్ల శాఖలో ముప్పై మూడేళ్ళు బోర్డులు రాసి రిటైరైన మనిషాయన. వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు, మేస్త్రీ అంటారు. చదివింది ఊరి బడిలో అయిదో తరగతి. ఆ అయిదు తరగతులతోనే పదకొండు వందల కిలోమీటరు రాళ్ళకు అంకెలు వేశాడు. ఒక్క అంకె తప్పు పోలేదు. వంతెనలకు రాశాడు, రైలు గేట్లకు రాశాడు, మంత్రిగారొస్తున్నారని తెల్లవారేసరికి కావాలన్న బోర్డు పొద్దుగూకకముందే రాసిచ్చాడు. ఓ పెద్ద ఇంజనీరు ఆయన చెయ్యి పట్టుకు చూసి, "ఇది చెయ్యి కాదయ్యా, అచ్చుయంత్రం" అన్నాడు. శాఖ ఇచ్చిన ప్రశంసాపత్రం హాల్లో గడియారం కింద అద్దంలో ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు టైము చూడబోతే ముందు అదే కంటబడాలని ఏరికోరి అక్కడ కొట్టించాడు మేకు.

విశ్వవిద్యాలయం నుంచి ముందురోజు ఉత్తరం వచ్చిందన్న సంగతి ఆ ఆదివారం పక్కింటికి, ఎదురింటికి, కిందింట్లో అద్దెకుండే టీచరుకు కూడా పదిలోపే తెలిసిపోయింది. మేస్త్రీయే స్వయంగా వెళ్ళి చెప్పొచ్చాడు.

ఉత్తరాన్ని కూతురు మూడోసారి పైకి చదివింది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పని ఆమెది. ఏ కాగితమైనా వెలుతురుకెత్తి చూడటం అలవాటు. "కొండదారి వెడల్పు చేసినప్పుడు తీసేసిన నాలుగు పాత బోర్డులను మా కళాకేంద్రంలో ప్రదర్శనకు పెడుతున్నాం. శాఖ రిజిస్టరులో వాటిని రాసినవారిగా మీ పేరుంది. ప్రారంభం రోజున మీరు వచ్చి, వాటి పక్కన నిలబడి, ఆ కొండ మీద వాటిని ఎలా రాశారో నాలుగు మాటలు చెప్పాలని మా కోరిక. బోర్డుల కింద పెట్టే చీటీ కోసం నాలుగు వాక్యాలు గురువారంలోగా పంపండి."

"ఆ కొండ ఊళ్ళ సంగతులు వినీ వినీ నేనే వెళ్ళొచ్చినట్టుంది నాకు," అంది మేస్త్రీ భార్య, బట్టలు మడతపెడుతూ. "ఇప్పుడైనా కళ్ళతో చూపిస్తారా, లేక మళ్ళీ డ్యూటీ అంటారా?"

"రిటైరయ్యాక డ్యూటీ ఏమిటే నీ మొహం."

"ఏమో. మీరు రిటైరయ్యి తొమ్మిదేళ్ళయింది. ఏడాదికోసారి అడుగుతూనే ఉన్నాను. ఒకసారి మోకాలన్నారు, ఒకసారి మంచు అన్నారు, ఒకసారి అక్కడేముందే చూడటానికి అన్నారు."

"అమ్మా, ఆగు," అంది కూతురు. "నేను రెండు రోజులు సెలవు పెడతాను. వ్యాను మాట్లాడదాం. మొదటిరోజు మొదటి ఊరు, కళాకేంద్రం. అది చూసుకుని రెండో ఊళ్ళో పడుకుందాం. మర్నాడు మూడో ఊరు చూసి దిగిపోదాం. ప్లాను మాత్రం నాన్నే వెయ్యాలి. ఆ దారి నాన్నకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

"కొండ కింది నుంచి మొదటి ఊరు ఇరవై మూడు," అన్నాడు మేస్త్రీ వెంటనే. "అక్కణ్ణుంచి విశ్వవిద్యాలయం గేటు ఆరు. గేటు నుంచి రెండో ఊరు పంతొమ్మిది. మూడో ఊరు ఇరవై ఏడు. అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తాను."

"చెప్తారు, చెప్తారు," అంది భార్య. "కూరగాయలు తెమ్మంటే ఏం తేవాలో మాత్రం చీటీ రాసివ్వాలి."

గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్న బావమరిది నవ్వాడు. భార్యకు తమ్ముడు. అదే శాఖలో, అదే లారీ మీద, మేస్త్రీ కింద హెల్పరుగా పనిచేసి ఆ హెల్పరుగానే రిటైరయ్యాడు. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటాడు. భార్య పోయి నాలుగేళ్ళు. ప్రతి ఆదివారం వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు, మేస్త్రీ చెప్పేది వింటాడు, టీ తాగుతాడు, గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్తాడు.

ఇక్కడ ఉన్నమాట చెప్పుకోవాలి. మేస్త్రీ ఆ కొండ ఎక్కలేదు.

ఎక్కలేదంటే, ఒక్కసారి ఎక్కబోయాడు. అప్పుడాయనకు ముప్పై ఒకటి. హెడ్ పెయింటరు పోస్టు ఖాళీ అయింది, ఇంజనీరు ముగ్గురి పేర్లు పెట్టుకుని, కొండ పని ఎవరు బాగా చేస్తే వాళ్ళకే ఇస్తానన్నాడు. ఇంజనీరు జీపులో ముందు సీట్లో ఇంజనీరు, వెనక మేస్త్రీ. రెండో మలుపులో మేస్త్రీకి కళ్ళు తిరిగాయి. మూడో మలుపులో పళ్ళు బిగబట్టాడు. నాలుగో మలుపులో ఏది ఆపాలో అది ఆగలేదు. ఇంజనీరు ఫైలు మీద, చెప్పుల మీద, సీటు మీద. "తిన్నది పడలేదు సార్" అని చెప్పి ఆరో కిలోమీటరు రాయి దగ్గర దిగిపోయాడు. వెనకొచ్చే లారీలో వస్తానన్నాడు. ఇంజనీరు జీపు తిప్పించుకుని కిందికి వెళ్ళిపోయాడు. లారీ వచ్చింది. అందులో రంగు డబ్బాలు మోయడానికి పెట్టుకున్న బావమరిది ఉన్నాడు, ఇరవై ఏడేళ్ళవాడు. "నువ్వెళ్ళి గీతలు పెట్టి ఉంచరా, నేను సర్దుకుని వస్తాను" అన్నాడు మేస్త్రీ. సర్దుకోలేదు. సాయంత్రం లారీ దిగి వచ్చేదాకా ఆ రాయి మీదే కూర్చున్నాడు. ఆ రాయి మీద ఆరు అంకె కూడా ఆయన వేసిందే. ఆ దారి రాళ్ళన్నీ కొండ కింద యార్డులో అంకెలు వేసి లారీకెక్కించినవే.

బావమరిది మాత్రం గీతలు పెట్టి ఊరుకోలేదు, బోర్డు రాసేశాడు. ఇంజనీరు రెండు రోజుల తర్వాత చూసి మెచ్చుకున్నాడు. రిజిస్టరులో 'రాసినవారు' అన్నచోట మేస్త్రీ సంతకం పెట్టాడు. షెడ్డులో ఒక పద్ధతుండేది. కాగితం మీద కొలత గీసినవాడిదే బోర్డు, కుంచె ఎవడు పట్టినా సరే. కొలత తను గీశాడు కాబట్టి తనదే అనుకున్నాడు. అలా ఒకసారి అనుకున్నాక తర్వాత మూడుసార్లు అనుకోవడం కష్టమేమీ కాలేదు. ప్రతిసారీ తను కొండ కింద టీకొట్టు బల్ల మీద. పైన బావమరిది. సాయంత్రం దిగి వచ్చి, పైన ఏం చూశాడో వాడు చెప్పేవాడు. బస్టాండు పక్క వాలుగా దిగే బజారు, రెండో ఊళ్ళో కిటికీలకన్నిటికీ పూసిన నీలంరంగు, మూడో ఊళ్ళో మేఘం వీధిలోకొచ్చి దుకాణాల్లో దూరడం. మేస్త్రీ అవి ఇంటికి పట్టుకొచ్చి తనవిగా చెప్పేవాడు. పోస్టు ఆయనకే వచ్చింది. ప్రశంసాపత్రంలో ఉన్నవి కూడా ఆ నాలుగు బోర్డుల పేర్లే.

ఈ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు. లారీ డ్రైవరు పోయాడు. మిగిలింది ఇద్దరు. ఆ ఇద్దరూ కూడా దాని గురించి ఒకరితో ఒకరు ఏనాడూ మాట్లాడుకోలేదు.

సోమవారం మేస్త్రీ తెల్లకాగితం, స్కేలు, రెండు రంగుల పెన్నులు పెట్టుకుని కూర్చున్నాడు. ప్లాను అంటే ఆయన చేతి ప్లాను. పైన శీర్షిక, కింద గళ్ళు, గళ్ళలో ఊళ్ళు, ఊళ్ళ పక్కన టైములు. అక్షరం అక్షరానికీ మధ్య ఎడం కొలిచినట్టుంది. ఎనిమిదింటికి కొండ మొదలు. ఎనిమిదీ ముప్పై అయిదుకు మొదటి ఊరు. ఫలహారం అరగంట. తొమ్మిదీ పదిహేనుకు కళాకేంద్రం. రెండో రోజు ఏడున్నరకు బయల్దేరితే ఎనిమిదీ పదికి మూడో ఊరు. చూడదగినవన్నీ చూసి పదకొండుకు దిగడం. రెండుకు ఇల్లు.

అట్టడుగున 'ప్రయాణించువారు' అని రాసి మూడు పేర్లు రాశాడు. తను, భార్య, కూతురు. నాలుగో పేరు దగ్గర పెన్ను ఆగింది. వాడొస్తే ఆ బోర్డుల ముందు తను ఏం మాట్లాడాలి? వాడి మొహం చూస్తూ 'ఆ రోజు మంచు పడుతోంది, కుంచె బిగుసుకుపోయింది' అని ఎలా చెప్పాలి? ఇంట్లో చెప్పడం వేరు. ఇంట్లో ఆ కుర్చీ అలవాటైపోయింది. అక్కడ మైకుంటుంది.

పెన్ను మూత పెట్టాడు.

మంగళవారం కాగితం చూసి భార్య అడిగింది. "మా తమ్ముడి పేరేది?"

"వాడి మోకాళ్ళు చూశావుగా. కొండలెక్కడం ఏమిటి?"

"వ్యాను ఎక్కుతుంది కొండ, వాడు కాదు."

"వాణ్ణే అడుగు."

అడిగింది. ఫోనులోనే. స్పీకరు పెట్టి మరీ.  "బావ చెప్పింది నిజమేనక్కా, మోకాళ్ళు ఊరుకోవట్లేదు. మీరు వెళ్ళి రండి," అన్నాడు. ఆ మాటకు మేస్త్రీకి హమ్మయ్య అనిపించింది. అనిపించినందుకు వెంటనే ఒళ్ళు కుంచించుకుపోయింది. వంటింట్లోకి వెళ్ళి, దాహం లేకపోయినా రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు.

బుధవారం సాయంత్రం వ్యాను డ్రైవరు వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఆ కొండదారిలోనే రోజూ తిరిగే బండి. కూతురే ఆసుపత్రిలో ఎవరినో అడిగి పిలిపించింది. అక్క కోసం మందులు పట్టుకుని అదే సమయానికి బావమరిది కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"దారి చెప్పనక్కర్లేదు మీరు," అంది కూతురు డ్రైవరుతో, గర్వంగా. "మా నాన్న ఆ దారి బోర్డులన్నీ రాసినాయన. టైములతో సహా ఇచ్చారు, చూడండి."

డ్రైవరు కాగితం అందుకున్నాడు. "అబ్బ, అచ్చేసినట్టుందే రాత," అన్నాడు. మేస్త్రీ మీసం సవరించుకున్నాడు. డ్రైవరు చదువుతూ చదువుతూ ఆగాడు. వేలు పెట్టి మళ్ళీ చదివాడు. నవ్వొచ్చి ఆపుకోబోయాడు గానీ ఆగలేదు.

"ఏమైంది?" అంది మేస్త్రీ భార్య.

"ఏం లేదమ్మా. ఇరవై మూడు కిలోమీటర్లకు ముప్పై అయిదు నిమిషాలు వేశారు. అక్కడ గంటకు పదిహేను పోతే గొప్ప. నలభై మలుపులు. మొదటి ఊరికే గంటన్నర. రెండో ఊరు నుంచి మూడో ఊరికి రెండున్నర గంటలు, మధ్యలో ఒకరైనా దిగి కడుపు ఖాళీ చేసుకుంటే మూడు. మీరు రెండుకు ఇల్లు చేరాలంటే నా బండికి రెక్కలు కట్టాలి."

"మా రోజుల్లో..." అన్నాడు మేస్త్రీ.

"మీ రోజుల్లో ఇంకా నెమ్మది కదండీ. ఒక్క లైను రోడ్డు." డ్రైవరుకు ఎవరినీ నొప్పించాలని లేదు, నోరు ముందు వెళ్ళిపోయింది అంతే. కాగితం కూతురికి తిరిగిస్తూ, "ఇది రాళ్ళ మీది లెక్క చూసి వేసిన టైములమ్మా. ఒక్కసారి పైకెక్కినవాళ్ళెవరూ ఇలా వెయ్యరు," అన్నాడు.



మేస్త్రీకి చెవులు వేడెక్కాయి. ఆ నాలుగుసార్లూ పొద్దున వెళ్ళిన లారీ సాయంత్రం వచ్చేది. అందులో పనికెంత, దారికెంత అని అడగాలని ఏనాడూ తోచలేదు. పదకొండు వందల రాళ్ళు రాసినవాడు ఆ రాళ్ళనే నమ్మి దొరికిపోయాడు.

అప్పుడు కుర్చీలోంచి బావమరిది మాట్లాడాడు. "మాది శాఖ లారీ బాబూ. ఎదురొచ్చే బళ్ళను ఆపేసి మాకు దారిచ్చేవాళ్ళు. మా డ్రైవరు ఒట్టి పిచ్చివాడు, గాల్లో తోలేవాడు. బావకు అదే లెక్క గుర్తుండిపోయింది. నేనూ పక్కనే కూర్చునేవాణ్ణిగా, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని."

ఎంత సాఫీగా చెప్పాడో. తడబాటు లేదు, మేస్త్రీ వైపు చూపు లేదు.

"అయితే అయ్యుంటుందిలెండి," అన్నాడు డ్రైవరు, తప్పించుకోవడానికి దారి దొరికినట్టు. "మీలో ఎవరికైనా మలుపుల్లో వాంతులవుతాయా? ముందే చెప్తే కవర్లు పెట్టుకుంటాను."

"మా అమ్మాయికి," అన్నాడు మేస్త్రీ.

"నాకా?" అంది కూతురు.

"చిన్నప్పుడు అయ్యేవి."

"ఎప్పుడు నాన్నా?"

డ్రైవరు లేచి, శనివారం ఆరున్నరకల్లా వస్తానని, అంతకంటే ఆలస్యమైతే కళాకేంద్రం వాళ్ళ మీటింగు అయిపోతుందని చెప్పి వెళ్ళిపోయాడు.

కూతురు ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. కాగితాన్ని అలవాటు ప్రకారం వెలుతురుకెత్తి చూసి, బల్ల మీద పెట్టి, ఫోను తీసింది. "చీటీ మాటలు పంపాలి నాన్నా, రేపే ఆఖరు. చెప్పండి, టైపు చేస్తాను."

"నేను బయల్దేరతానక్కా," అన్నాడు బావమరిది లేస్తూ. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అమ్మాయ్, అక్కడ మూడో ఊరి బోర్డు ఫోటో ఒకటి దగ్గర్నుంచి తీసుకురా తల్లీ. కింద గీత కుడి చివర కాస్త పైకి పోయింది. ఎవడో సైకిలుతో నిచ్చెనను గుద్దాడు అప్పుడు. అది అలాగే ఉందో, మధ్యలో ఎవరైనా దిద్దారో చూద్దామని."

"మీకు అంత బాగా గుర్తుందా మావయ్యా?"

"నిచ్చెన పట్టుకున్నవాణ్ణి కదమ్మా," అన్నాడతను. నవ్వాడు కూడా.

నిచ్చెన పట్టుకున్నవాడికి గీత ఎటు పోయిందో తెలియదు. వాడికి కనపడేది పైవాడి మడమలే. ఆ సంగతి ఆ గదిలో ఒక్క మేస్త్రీకే తెలుసు. ఇన్నేళ్ళూ వాడు ఆ గీత గురించి ఆలోచిస్తూ ఉన్నాడు. తను ఆ బోర్డుల వల్ల వచ్చినవన్నీ గోడకు కొట్టించుకున్నాడు, వాడు వంకరపోయిన గీతను మనసులో పెట్టుకున్నాడు. పైగా ఇందాక తన పరువు కాపాడటానికి పరాయి మనిషి ముందు, సొంత మేనకోడలి ముందు, చచ్చిపోయిన లారీ డ్రైవరును పిచ్చివాణ్ణి చేశాడు. మేస్త్రీకి ఆ మాట తిట్టినదానికంటే ఎక్కువ తగిలింది.

"ఉండరా," అన్నాడు. "కూర్చో. రాయమ్మా."

కూతురు బొటనవేళ్ళు సిద్ధం చేసుకుంది.

"ఈ నాలుగు బోర్డులూ రాసినవారు," అని బావమరిది పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు.

కూతురి వేళ్ళు ఆగాయి. భార్య చేతిలో మడతపెట్టబోయిన తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"కొండ మీద ఆయనొక్కరే ఉండి రాశారు. కాగితం మీద కొలతలు గీసిచ్చింది నేను. నేను పైకి వెళ్ళలేదు. వాంతులవుతాయి నాకు. రిజిస్టరులో నా పేరు ఉండటం తప్పు. నేనే పెట్టుకున్నాను."  నాలుగు వాక్యాలు అడిగారు, ఎక్కువే అయ్యాయేమోనని ఆపేశాడు.

 మేస్త్రీ తలెత్తి బావమరిది వైపు చూశాడు. వాడి మొహం వెలుగుతుందనో, కళ్ళలో నీళ్ళొస్తాయనో, కనీసం 'ఎందుకు బావా ఇదంతా' అంటాడనో లోపల ఎక్కడో ఎదురుచూశాడు. నిజం చెప్పినందుకు కూడా ఓ మెచ్చుకోలు కావాలని కోరుకున్నాడు. ఆ బుద్ధి అలాంటిది.

బావమరిది మొహం గట్టిపడింది.

"ఇప్పుడా బావా?"

"ఇప్పటికైనా అని..."

"మీ చెల్లెలు పోయి నాలుగేళ్ళయింది." మేస్త్రీ చెల్లెలు కాదు, బావమరిది భార్య. వరసకు అలా అనేవాడు. "డబ్బాలు మోసేవాణ్ణని అనుకుంటూనే పోయింది. 'మీ బావను చూసి కాస్త పని నేర్చుకోకపోయారా, మీరూ ఓ మెట్టెక్కేవాళ్ళు' అని ఎన్నిసార్లు అందో తెలుసా? ప్రతిసారీ సరేనన్నాను. ఉద్యోగం ఇప్పించింది మీరు. మా అక్క మీ ఇంట్లో ఉంది. నోరు విప్పితే ఎవరి పరువు పోతుందో నాకు తెలుసు. పోనీలే అనుకున్నాను. ఇందాక కూడా పోనీలే అనే ఆ లారీ కథ చెప్పాను. అది చెప్పాక ఇప్పుడు మీరు నిజం చెప్తే, నేనేమయ్యాను? మేనకోడలి ముందు అబద్ధాలకోరును. ఆ విశ్వవిద్యాలయం వాళ్ళ ముందు, ఇన్నేళ్ళూ నోరు మూసుకున్న పిరికివాణ్ణి."

"నేనలా అనుకోలేదురా."

"మీరెప్పుడనుకున్నారు?"

అని మందుల సంచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. టీ తాగలేదు.

తమ్ముడు వెళ్ళాక భార్య ఒక్క మాట అంది. "ఆదివారం ఆదివారం వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ కథలన్నీ చెప్పారు కదండీ." అంతే. తువ్వాలు మడిచి లోపలికి వెళ్ళిపోయింది.

కూతురు ఫోను చూపించింది. "పంపమంటారా? పంపితే వెనక్కి రాదు."

"పంపు."

పంపింది. కళాకేంద్రం నుంచి కాసేపట్లోనే ఫోను వచ్చింది. ప్రదర్శన చూసుకునే ఆవిడ. గొంతు మర్యాదగానే ఉంది. రిజిస్టరులో ఒకటుంటే మీరు ఇంకోటి పంపారు, పొరపాటా అని అడిగింది. పొరపాటు రిజిస్టరుదేనమ్మా అన్నాడు మేస్త్రీ. మరి ఆయన వస్తారా అని అడిగింది. తెలియదన్నాడు. "మీరు?" అంది.  రేపు చెప్తానన్నాడు. చీటీ మీద ఎవరి పేరు అచ్చెయ్యాలో రేపు మధ్యాహ్నంలోగా తేల్చమంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ చెప్పులు వేసుకుని బయటికి వచ్చాడు. ఎదురింటాయన "ఏం మేస్త్రీ, శనివారం సన్మానమటగా" అని కేకేశాడు. వీధి వీధంతా తనే చెప్పొచ్చాడు కదా, ఇప్పుడు అనుభవించాలి. "నాకు కాదండీ, మా బావమరిదికి," అన్నాడు. ఎదురింటాయన అర్థం కాక, "ఎవరూ, ఆ మాట్లాడని ఆయనకా?" అన్నాడు. అవునన్నాడు మేస్త్రీ. పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి అంతా విన్నది. మధ్యాహ్నానికల్లా వీధంతా తెలుస్తుంది. తెలియాలనే గట్టిగా చెప్పాడు. చెప్పాక కాళ్ళు త్వరగా నడిచాయి, ఎవరూ మళ్ళీ ఆపకుండా.

బావమరిది ఇల్లు రెండు వీధుల అవతలే. అయినా మేస్త్రీ అక్కడికి పిలవకుండా వెళ్ళింది ఎన్నడూ లేదు. ఎప్పుడూ వాడే రావడం. తలుపు కొట్టాలా, పిలవాలా అన్నది కూడా తెలియలేదు. చివరికి కొట్టాడు.

బావమరిది తలుపు తీశాడు. పక్కకు తప్పుకోలేదు, రమ్మనలేదు. మేస్త్రీ గుమ్మం బయటే నిలబడ్డాడు. వాడి భుజం మీదుగా లోపలి గది కనిపించింది. ఒక మంచం, ఒక బల్ల, బల్ల మీద వెడల్పాటి కుంచెలు నాలుగు, శుభ్రంగా కడిగి, వెంట్రుకలు చెదరకుండా దారం చుట్టి. రిటైరయ్యి ఇన్నేళ్ళయినా. మేస్త్రీ తన కుంచెలు ఎక్కడున్నాయో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు.

"కళాకేంద్రం వాళ్ళు మధ్యాహ్నంలోగా చెప్పమన్నారు," అన్నాడు. "నువ్వు రావాలి."

"మీ ప్లానులో నా పేరు లేదుగా."

"లేదు. కావాలనే రాయలేదు."

బావమరిది ఆయన్ని పరీక్షగా చూశాడు. ఆ మాటకు ఏదో సాకు వస్తుందని ఎదురుచూసినట్టున్నాడు, రాలేదు.

"నేను వస్తే మీరేం చేస్తారక్కడ?"

"నువ్వు బోర్డు పక్కన నిలబడు. నేను వెనక కుర్చీల్లో కూర్చుంటాను. కాదంటే ఇంట్లోనే ఉంటాను, అక్కా మేనకోడలూ వస్తారు నీతో."

"అదేం కుదరదు. ఇంట్లో కూర్చుని తప్పించుకుందామనా?" మొదటిసారి వాడి గొంతు లేచింది. "మీరు రావాలి. మలుపులన్నీ ఎక్కాలి. అక్కడ మైకు పట్టుకుని ఎవరెక్కడున్నారో మీ నోటితో చెప్పాలి. మిమ్మల్ని నమ్మినవాళ్ళు ముందు వరసలోనే కూర్చుంటారు, వాళ్ళ మొహాలు చూసి చెప్పాలి. నేనైతే నా గురించి ఒక్క ముక్క చెప్పుకోను. ఎలా చెప్పుకోవాలో నాకు రాదు. అలవాటు తప్పింది."

"చెప్తాను."

"నీళ్ళు నమలకుండా?"

"నమిలితే నువ్వు ఆపు."

 పక్కింటి గోడ మీద పిల్లి ఒకటి ఇద్దరినీ చూసి, పని లేదని దిగిపోయింది. మేస్త్రీ చొక్కా జేబులోంచి కాగితం, పెన్ను తీశాడు. ఈసారి గళ్ళు గియ్యలేదు, స్కేలు లేదు.

"ఎన్నింటికి బయల్దేరాలో నువ్వు చెప్పు," అన్నాడు. "నాకు తెలియదు."

ఆ మాట అనడానికి ఆయనకు ముప్పై ఏళ్ళకు పైనే పట్టింది. అన్నాక తేలికేమీ అనిపించలేదు. గుమ్మం బయట, ఎండలో, అరచేతి మీద కాగితం పెట్టుకుని నిలబడ్డ ముసలాణ్ణి వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారని మాత్రం తెలుస్తోంది.

"ఆరింటికి. ఆ డ్రైవరు చెప్పిన ఆరున్నరైతే మధ్యలో ఆగడానికి టైముండదు," అన్నాడు బావమరిది. "మొదటి మలుపుకు ముందు ఏమీ తినకూడదు మీరు. రెండో మలుపు దాటాక కుడివైపు ఒక చదునుంటుంది, అక్కడ అయిదు నిమిషాలు ఆపించాలి. నాలుగో మలుపులో కిందికి చూడకండి, నేను చెప్పినప్పుడే కళ్ళు తెరవండి."

మేస్త్రీ రాసుకుంటున్నాడు. ఇంకా లోపలికి రమ్మనలేదు వాడు. రమ్మంటాడేమోనని ఈయన చూడనూ లేదు.